చూడనేర్వని చదువు

శాస్త్రవిద్య నేడు మన పట్టణములలో అంగడిసరుకైనది. ఆరవ తరగతిలో అడుగుపెట్టిన బాలుని భుజములపై ‘ఐ.ఐ.టి. ఫౌండేషన్’ అను పేరిట ఒక బరువైన సంచి పడుచున్నది. ఆ సంచిలో సూత్రములున్నవి, నిర్వచనములున్నవి, నాలుగేసి సమాధానములతో కూడిన ప్రశ్నలు వేలకొలది కలవు. ప్రపంచ మొక్కటే అందు లేదు. కిరణజన్యసంయోగక్రియకు సమీకరణము వ్రాయగల బాలునకు తన వీధి మొగమున నున్న చింతచెట్టు చీకటి పడగనే ఆకులు ముడుచుకొనునన్న సంగతి తెలియదు. గురుత్వత్వరణముయొక్క విలువను దశాంశములతో సహా అప్పగించువాడు పెద్దరాతిని, చిన్నగోళీని ఒక్కమారు చేతులనుండి విడిచి ఏది ముందు నేలను తాకునో చూచి యెరుగడు. ఇట్టి చదువునకు తల్లిదండ్రులు పొలములమ్మి రుసుములు చెల్లించుచున్నారు. ఇట్టి చదువును చూచి రెండు తెలుగు రాష్ట్రములును గర్వించుచున్నవి.

ఈ గర్వమున మేము పాలు పంచుకొనజాలము. చూచుట, సందేహించుట, చేసి తెలిసికొనుట: శాస్త్రమనగా ఈ మూడే. వీనిని తీసివేసిన పిదప మిగులునది శాస్త్రముయొక్క పేరు మాత్రమే. పేరును వల్లించుటకు శాస్త్రమేల? ఆ పని వెనుకటి వీధిబడులలో బెత్తముతో ఇంతకంటె చౌకగా జరిగెడిది. బిడ్డకు శాస్త్రము మొట్టమొదట ఇంటిలో, పెరటిలో, చెరువుగట్టున, తన కన్నులచేతను తన చేతులచేతను అలవడవలయునని మా వాదము. అది తల్లిదండ్రుల బాధ్యత. రుసుముతోపాటు ఆ బాధ్యతను కూడ పరులచేతిలో పెట్టి చేతులు దులుపుకొనుట తగదు. ఇందుకొరకు బిడ్డను ఇంటనే చదివించుకొనదలచిన వారిని వెర్రివారని పరిహసించుట అంతకంటెను తగదు.

మా మాట ఉత్తమాటగా తోచకుండుటకు ఒక ఉదాహరణము చెప్పెదము. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు సూర్యుడు నడినెత్తిమీద నుండునని మనలో చదివినవారును చదువనివారును ఒక్కరీతిగా నమ్ముదురు. ఒక మీటరు పొడవు గల కర్రను ఎండ తగులు చదునైన నేలలో నిటారుగా నాటుడు. దినదినము నీడ మిక్కిలి పొట్టియగు క్షణమున దాని కొనవద్ద ఒక గులకరాతిని పెట్టుడు. విజయవాడ పట్టణమున డిసెంబరు 21, 22 తేదీలలో ఆ నీడ ఉత్తరముగా సుమారు 84 సెంటీమీటర్ల పొడవున పడును. మార్చి 21వ తేదీ ప్రాంతమున అది సుమారు 30 సెంటీమీటర్లకు తగ్గును. మే నెల మొదటి వారము చివర నీడ కర్ర పాదముననే అణగిపోవును. అచ్చటితో ఆగునా? ఆగదు. జూన్ 21వ తేదీన నీడ దక్షిణముగా సుమారు 12 సెంటీమీటర్లు పడును! మరల ఆగస్టు మొదటి వారమున పాదముక్రింద దాగి, పిమ్మట ఉత్తరమునకు తిరుగును. హైదరాబాదునకు ఈ నీడలేని దినములు మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతమున వచ్చును. అనగా సూర్యుడు నిజముగా నడినెత్తికి వచ్చుట సంవత్సరమునకు రెండు దినములు మాత్రమే. తక్కిన దినములన్నియు మనము చూడక నమ్మిన దినములు.

వేసవిలో మధ్యాహ్నపు నీడ దక్షిణముగా పడునన్న సంగతి పట్టభద్రులలో ఎందరికి తెలియును? భూమియొక్క అక్షము ఇరువదిమూడున్నర డిగ్రీలు వంగియున్నదని వారందరును పరీక్షలో వ్రాసినవారే. ఆ వంపు తమ వాకిటనే ప్రతిదినము కొలతకు అందుచున్నదని వారికి చెప్పినవారు లేరు. ఒక కర్ర, కొన్ని గులకరాళ్లు, ఒక కొలబద్ద, ఒక పుస్తకము: ఇవియే ఉపకరణములు. వీనికి రుసుము లేదు, ప్రవేశపరీక్ష లేదు. కావలసినది ఒక సంవత్సరపు ఓపిక. ఒక్కటి మాత్రము మరువరాదు. చూడవలసినది నీడను, సూర్యుని సూటిగా చూచుటకు బిడ్డను ఎన్నడును విడువరాదు.

ఈ కర్ర పాఠ్యపుస్తకమును మాత్రమే కాక పంచాంగమును కూడ ప్రశ్నించును. మకరసంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో వచ్చుచున్నది. ఉత్తరాయణము నాడే పుట్టినదని మనము పుణ్యస్నానములు చేయుచున్నాము. పెరటిలోని నీడ మాత్రము డిసెంబరు 21, 22 తేదీలనాడే వెనుదిరిగినది. సుమారు 1700 సంవత్సరములక్రిందట ఈ రెండును ఒక్కచోటనే కలిసియుండెను. భూమియొక్క అక్షము బొంగరమువలె మెల్లగా తిరుగుచుండుటచేత సుమారు 70 సంవత్సరములకు ఒక దినము చొప్పున అవి ఎడమైనవి. నాడు ఈ సంగతిని పంచాంగములో వ్రాసిన పెద్దలు ఆకాశమును చూచి వ్రాసిరి. నేడు మనము వారు వ్రాసినదానిని చూచి ఆకాశమును మరచితిమి. పూర్వులను గౌరవించుట యనగా వారి వ్రాతను వల్లించుటయా? వారు చేసిన పనిని మరల చేయుటయా? స్వదేశాభిమానులమని చెప్పుకొనువారు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలయును.

మన రైతులయొద్ద ఈ పరిశీలనా సంప్రదాయము నేటికిని కొంత మిగిలియున్నది. సంవత్సరమును ఇరువదియేడు కార్తెలుగా పంచి, ఏ కార్తెలో ఏ గాలి వీచునో, ఏ పురుగు వెలికివచ్చునో వారు గుర్తుంచుకొనిరి. తొలకరి జల్లులకు నేలలోనుండి వెలువడు ఎర్రని మకమలువంటి జీవికి ఆరుద్ర పురుగని పేరుపెట్టినది వారే. ఆ పేరు చెప్పి ఊరకుండక, బిడ్డచేత దాని కాళ్లను లెక్కింపజేయుడు. ఎనిమిది తేలును. చీమకు ఆరు కాళ్లు, దీనికి ఎనిమిది ఏల? సాలెపురుగునకు ఎన్ని? ఇట్లు బిడ్డ తానై ఇది కీటకము కాదనియు సాలీడు చుట్టమనియు గ్రహించును. జంతువర్గీకరణమను అధ్యాయము అచ్చట పుట్టినది. వల్లెవేసిన పట్టిక పరీక్ష ముగిసిన వారమునకు మరపునకు వచ్చును. లెక్కించిన కాళ్లు ముదిమివరకు జ్ఞాపకముండును.

ఇంటిలోనికి వచ్చినచో వంటయిల్లే ప్రయోగశాల. పసుపులో సున్నము కలిపినచో ఎర్రని పారాణి యగునని తెలుగు ఆడుబిడ్డలందరికిని తెలియును. ఆ ఎర్రదనముపై నిమ్మరసము పిండిన మరల పచ్చబడునని ఎందరు చూచిరి? మందారపూవు రసము నిమ్మరసముతో ఎర్రబడును, సబ్బునీటితో ఆకుపచ్చనగును. ఆమ్లములు, క్షారములు అను పాఠమునకు ఇంతకంటె వేరు కొట్టు సామాను కావలయునా? మూడు గిన్నెలలో పాలు పోయుడు: ఒకటి కాగుచున్నది, ఒకటి గోరువెచ్చనిది, ఒకటి ఫ్రిజ్‌లోనుండి తీసినది. మూడింటను ఒకే కొలత తోడు వేసి, తెల్లవారి ఏది పెరుగైనదో బిడ్డచేత చూపించుడు. ఏల ఒకటే సరిగా తోడుకొన్నదను ప్రశ్న సూక్ష్మజీవులను ఆ ఇంటికి పిలుచుకొని వచ్చును. రెండు మట్టికుండలలో నీరు నింపి, ఒకదానికి వెలుపల నూనె పూసి, ఏ కుండనీరు చల్లగా నున్నదో మధ్యాహ్నము చేయిపెట్టి చూడనిండు. గోడపై సాగు చీమలబారును వ్రేలితో అడ్డముగా ఒక్కమారు తుడిచి, అవి తడబడి వాసనదారిని వెదకు విధమును కనిపెట్టనిండు. వానకాలమున తాటికమ్మకు వ్రేలాడు గిజిగాని గూటిని దూరమునుండి చూచి, అల్లువాడు మగపక్షియో ఆడుపక్షియో తేల్చుకొని రమ్మని పంపుడు. నిప్పు, లోతునీరు, ఘాటైన మందులు ఉన్నచోట పెద్దలు ప్రక్కనుండవలయునని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందులో తల్లిదండ్రులు పాటింపవలసిన నియమము ఒక్కటే కలదు. అది మిక్కిలి కష్టమైనది. సమాధానము ముందుగా చెప్పరాదు. బిడ్డ చూచినదానిని తేదీతో సహా తన మాటలలో వ్రాసికొనవలయును, ఎందుకట్లైనదో ఊహింపవలయును, ఆ ఊహను తానే పరీక్షింపవలయును. తప్పుడు ఊహను గద్దించినచో మరునాడు ఊహ పుట్టదు. మన పిల్లలు ప్రశ్నలడుగుట మానినారని వగచు పెద్దలారా, వారు మానలేదు, మనము మాన్పించితిమి.

ఇది పేదదేశపు సర్దుబాటనియు, గొప్ప శాస్త్రవేత్తలు ఇట్లు తయారుకారనియు కొందరు వాదింపవచ్చును. వారి కొరకు పారిస్ నగరపు వృత్తాంతము నొకదానిని మనవి చేయుదుము. 1907వ సంవత్సర ప్రాంతమున అచ్చటి విశ్వవిద్యాలయాచార్యులు కొందరు తమ బిడ్డలను ఊపిరాడని తరగతి గదులలో గంటలకొలది కూర్చుండబెట్టుటకు ఇష్టపడక ఒక సహకారవిద్యను నెలకొల్పిరి. పిల్లలు సుమారు పదిమంది. దినమునకు పాఠ మొక్కటి. తల్లిదండ్రులే గురువులు. మేరీ క్యూరీ భౌతికశాస్త్రమును, జాఁ పెర్రాన్ రసాయనశాస్త్రమును, పాల్ లాంజెవాన్ గణితమును చెప్పిరి. వారు చేయించిన ప్రయోగములు ఏ గొప్ప యంత్రములతో జరిగినవి? సైకిలు చక్రములోని ఉక్కుగుండును సిరాలో ముంచి వాలుపలకపై విడువగా, అది గీచిన వంపుగీతయే పడునట్టి వస్తువుల మార్గమును పిల్లలకు చూపినది. పిల్లలు తామే ఉష్ణమాపకములు చేసిరి. గిన్నెలోని ద్రవము చల్లారకుండుటకు ఏమి చేయవలయునని ఒకనాడు మేరీ క్యూరీ అడిగెనట. ఉన్ని చుట్టవలయునని ఒకరు, ఇంకను చిత్రమైన ఉపాయములు మరియొకరు చెప్పిరట. తానైనచో మొదట మూత పెట్టుదునని ఆమె నవ్వుచు పలికినదట. రెండుమారులు నోబెల్ బహుమానము పొందిన విదుషి బిడ్డలకు నేర్పినది ఈ మూతబుద్ధిని!

ఆ పాఠశాల సుమారు రెండేండ్లు మాత్రమే నడిచినది. పెద్దలకు పనులు పెరిగినవి. పిల్లలకు పరీక్షలు రావలసియుండెను. ఆ పిల్లలు పిమ్మట సాధారణ విద్యాలయములలో చేరి చదివి ఉత్తీర్ణులైరి. వారిలో ఒకతె ఐరీన్ క్యూరీ. 1935లో ఆమె తన భర్త ఫ్రెడరిక్ జోలియోతో కలిసి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము పొందెను. ఆ రెండేండ్ల వలననే ఆమెకు ఆ బహుమానము వచ్చినదని మేము చెప్పుట లేదు. ఆ రెండేండ్లు ఆమె చదువును చెరుపలేదనియైనను పరీక్షాభక్తులు ఒప్పుకొందురుగాక.

మరి తల్లిదండ్రులందరును క్యూరీలా యని అడుగుదురు. అందుకు సమాధానము మన దేశముననే కలదు. 1972లో మధ్యప్రదేశ్ రాష్ట్రమున హోషంగాబాదు జిల్లాలో పదునారు మాధ్యమిక పాఠశాలలయందు ఒక నూతన శాస్త్రబోధన ఆరంభమైనది. రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్, కిశోర్ భారతి అను రెండు సంస్థలు దానికి మూలము. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు జట్లుజట్లుగా కూర్చుండి చౌకసామానుతో ప్రయోగములు తామే చేసిరి; పొలములకు పోయి ఆకులు, పురుగులు పరిశీలించిరి. పరీక్షలో పుస్తకము తెరచి చూచుటకు అనుమతి యుండెను. చేతితో చేయు పరీక్షయు ఉండెను. పాఠము చెప్పినవారు మహామహోపాధ్యాయులు కారు, పల్లెబడి పంతుళ్లు. తెలియని ప్రశ్న వచ్చినపుడు ‘నాకును తెలియదు, చేసి చూతము’ అనుటకు సిగ్గుపడనక్కరలేదని వారికి శిక్షణమున నేర్పిరి. కాలక్రమమున అది వేయికి పైగా పాఠశాలలకు వ్యాపించెను. ముప్పది సంవత్సరములు నడిచిన పిదప 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వము దానిని మూసివేసెను.

ఈ కడపటి వాక్యమును పాఠకులు మరియొకసారి చదువవలయును. పల్లెటూరి బిడ్డ తన చేతితో ప్రయోగము చేయుటకు ముప్పది యేండ్లు పట్టిన ఏర్పాటును కూల్చుటకు ఒక ఉత్తరువు చాలినది. కనుకనే మేము చెప్పుచున్నాము: బిడ్డ కన్నులు తెరపించు పనిని సర్కారు దయకు మాత్రమే వదలిపెట్టిన జాతి మోసపోవును. సర్కారు మారును, పాఠ్యప్రణాళిక మారును. ఇంటి పెరడు, ఊరి చెరువు, ఆకాశము మారవు. అచ్చట నిలిచిన చదువును ఏ ఉత్తరువును రద్దు చేయజాలదు.

ఇక చట్టము మాట. బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో పుట్టి 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. బిడ్డను సమీప పాఠశాలలో చేర్చుట తల్లిదండ్రుల విధియని దాని పదవ సెక్షను చెప్పుచున్నది. చేర్చని తల్లిదండ్రులకు శిక్షను ఆ చట్టము విధింపలేదు. ఇంటివిద్యను పేర్కొని నిషేధించిన మాట అందు లేదు. పేర్కొని అనుమతించిన మాటయు లేదు. రాజ్యాంగముయొక్క 51ఎ అధికరణమును చూతము. శాస్త్రీయదృష్టిని పెంపొందించుకొనుట పౌరుని విధియని 1976లో చేర్చిరి. ఆరు మొదలు పదునాలుగు సంవత్సరముల బిడ్డకు విద్యావకాశము కల్పించుట తల్లిదండ్రుల విధియని 2002లో చేర్చిరి. ఈ రెండు విధులను కలిపి చదివినచో ఏమి తేలును? బిడ్డకు శాస్త్రీయదృష్టి అలవడు చదువు చెప్పించుట పౌరధర్మమని తేలును. ఆ ధర్మమును తన ఇంటనే శ్రద్ధగా నెరవేర్చుచున్న తల్లిని దోషివలె చూచుట, బిడ్డను తెల్లవారుజామునుండి రాత్రివరకు గదిలో బంధించి వల్లెవేయించు వ్యాపారిని విద్యాదాతగా సన్మానించుట, ఇది ఎక్కడి న్యాయము? ఇంటివిద్య చట్టసమ్మతమని ప్రభుత్వము స్పష్టముగా పలుకవలయును. బిడ్డ ఏమి నేర్చుచున్నదో తగురీతిని కనుగొను ఏర్పాటు చేసినచో మాకు ఆక్షేపణ లేదు. అనుమానపు చీకటిలో కుటుంబములను నిలుపుటయే మాకు ఆక్షేపణ.

యోగ్యతాపత్రము లేక బిడ్డ గతియేమని భయపడువారు కలరు. 1989లో జాతీయ సార్వత్రిక విద్యాపీఠము ఏర్పడినది. పదునాలుగేండ్లు నిండిన బిడ్డ బడికి పోకయే దాని ద్వారమున పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చును. పిమ్మట పండ్రెండవ తరగతికిని పోవచ్చును. రెండు తెలుగు రాష్ట్రములందును ఓపెన్ స్కూలు సంఘములు కలవు. పరీక్షకు ద్వారములున్నవి. మేము పరీక్షను తగులబెట్టుమనుట లేదు. అది బాల్యమునకు కడపట రావలసినది, బాల్యమంతటిని మ్రింగరాదని మాత్రమే చెప్పుచున్నాము. మ్రింగిన ఫలమును మనము కన్నులార చూచితిమి. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితములు తప్పులతడకగా వెలువడిన పిదప ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. ఒక కాగితముపై ముద్రించిన అంకెలకంటె తమ బ్రతుకు తక్కువదని ఆ బిడ్డలకు నేర్పినదెవరు? గణకయంత్రపు పొరపాటును దిద్దుకొనుటకు సంఘములు వేసినారు. ఈ పాఠమును నేర్పిన చదువును దిద్దుటకు ఏ సంఘము వేసినారు?

ఇప్పుడు మా వాదమునకు ఎదురగు బలమైన ఆక్షేపణను మేమే ఎత్తి చూపెదము. తీరిక, చదువు, మూడుపూటల తిండి గల ఇండ్లకు ఇవన్నియు చెల్లును; దినకూలితో బ్రతుకువారి సంగతియేమి? ఆ బిడ్డకు బడి యనగా చదువు మాత్రమే కాదు, మధ్యాహ్నపు అన్నము కూడ. బాలికకు బడి యనగా బాల్యవివాహమునుండి రక్షణ కూడ. కావున సర్కారు బడిని ఖాళీచేయుడని ఎవరైన చెప్పినచో మేము వారికి బద్ధవిరోధులము. ఇంటివిద్య పేరిట రంగుల పెట్టెలలో ప్రయోగసామగ్రిని వేలరూపాయలకమ్ము వర్తకులను కూడ మేము ఎరుగుదుము. గులకరాతికి వెల కట్టువాడు విద్యకు మిత్రుడు కాడు. చెత్తబుట్టకు పోవు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు గొట్టము, పాత సీసాలు మున్నగువానితో శాస్త్రపు ఆటవస్తువులు చేయుట నేర్పి అరవింద్ గుప్తా 2018లో పద్మశ్రీ పొందినారు. చౌకదనము ఈ విద్యకు లోపము కాదు, అదియే దీని సత్తువ. 1928 ఫిబ్రవరి 28న చంద్రశేఖర వెంకట రామన్ కలకత్తాలో ప్రకటించిన మహావిషయమునకు మొదటి ఉపకరణములు సూర్యకాంతి, రంగుటద్దములు, మనుష్యుని కన్ను. విశాఖపట్టణమున బాల్యము గడపి అచ్చటనే చదువుకొన్న ఆ మహనీయుడు, 1921లో మధ్యధరాసముద్రముపై పయనించునపుడు ఆ నీలిమను చూచి ఏల యని ప్రశ్నించుకొనినాడు. సముద్రము అందరికిని నీలముగనే కనబడుచున్నది. ప్రశ్న ఒక్కనికి పుట్టినది.

అందుచేత ఈ విద్య ధనికుల పెరడులలో ఆగిపోరాదు. ఇచ్చటనే పఠనమందిరముల వారికి మా విన్నపము. స్వాతంత్ర్యోద్యమ దినములలో ఆంధ్రులు విద్యను తామే చేతబట్టుకొన్న చరిత్ర కలదు. 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గారలు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి పుస్తకవిద్యకు చేతిపనిని జోడించిరి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషితో గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైరి. ఊరూర పఠనమందిరములు వెలసెను. 1937లో వార్ధాలో గాంధీజీ సమక్షమున చేతిపనిచే చదువు నేర్పుట యను సిద్ధాంతము దేశము ముందుకు వచ్చినది. జాకీర్ హుస్సేన్ గారి సంఘము దానికి ప్రణాళిక వ్రాసినది. వీరందరును అడిగిన ప్రశ్న ఒక్కటే: పరుల కొరకు గుమాస్తాలను తయారుచేయు చదువు మనకేల? దొరలు 1947లో వెడలిరి. గుమాస్తాచదువు వెడలలేదు; అది ఇప్పుడు గుమాస్తా అను పేరు మార్చుకొని పెద్దజీతపు కొలువని పిలువబడుచున్నది.

పఠనమందిరమునకు గోడలు కలవు, వాకిలి కలదు, ఆదివారము కలదు. ఆ వాకిట ఒక నీడకర్ర నాటుటకు ఎవరి అనుమతి కావలయును? వీధిలోని నాలుగైదు కుటుంబములు, పారిస్ ఆచార్యులవలె, వంతులు వేసికొని వారమునకొక పూట ఇయ్యలేవా? కుమ్మరి మట్టి గుణమును చెప్పును. సైకిలు బాగుచేయువాడు గొలుసును, పండ్లచక్రమును విప్పి చూపును. మంత్రసాని, రైతు, జాలరి, ఎలక్ట్రీషియను, ప్రతివాడును ఒక పాఠమునకు గురువే. కూలివాని బిడ్డయు వకీలు బిడ్డయు ఒకే గులకరాతిని ఒకే నీడకొనపై పెట్టుదురు. ఇంటివిద్యవలన బిడ్డ ఒంటిదగునని భయపడువారికి ఇదియే సమాధానము. జనవిజ్ఞానవేదిక వంటి సంఘములు 1988నుండి శాస్త్రమును ఊరూర చాటుచున్నవి. వారి అనుభవమును వినియోగించుకొనవచ్చును. మదనపల్లె సమీపమున రిషీవ్యాలీ విద్యాలయమువారు బీడుకొండల నడుమ చెట్లు పెంచి పిల్లలకు పక్షులను చూచుట నేర్పుచున్నారు. అచ్చటికి పోజాలనివారికి ఊరిచెరువు కొంగలు చాలును.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ర్యాంకును గూర్చి అడుగుట ఒక్క నెల మానుడు. ఈ దినమున నీవు ఏమి చూచితివని అడుగుడు. మొదటిదినమున బిడ్డ తెల్లమొగము వేయును; ఆ తెల్లమొగమే మన చదువునకు అసలైన మార్కుల పట్టిక. పదిదినములలో వాడు మిమ్ములను పెరటిలోనికి చేయిపట్టి లాగుకొనిపోవును. అప్పుడు మీకు తీరికలేదని చెప్పకుడు. పఠనమందిర కార్యదర్శులారా, వచ్చు డిసెంబరు 21వ తేదీ మధ్యాహ్నమున మీ వాకిట కర్ర నాటి, మొదటి గులకరాతిని వీధిలోని పిన్నబిడ్డచేత పెట్టించుడు. జూన్ మాసమున నీడ దక్షిణమునకు తిరిగినపుడు ఆ బిడ్డ కేక వేయును. ఆ కేకను వినుటకైనను ఈ దేశమున ఒక పెద్దవాడు ప్రక్కన నిలిచియుండవలయును.